ధర్నాలో లైవ్ పెట్టే ముందు

దాళ్వా (రబీ) ధాన్యం కళ్లాల్లోకి వచ్చిందంటే గోదావరి జిల్లాల్లో ధర్నాల కాలం కూడా వచ్చినట్టే. గోనె సంచులు అందలేదనో, తేమ 17 శాతం దాటిందని మిల్లులో కోత పెడుతున్నారనో రైతులు రాస్తారోకోకి దిగుతారు. అక్కడ లైవ్ పెట్టాలనుకునేవాళ్లు ఇది ఒకసారి చదివి వెళ్లండి.

ముందు లైవ్ అవసరమా అన్నది తేల్చుకోండి. రికార్డు చేసిన వీడియోలో వద్దనుకున్న ముక్క తీసేయొచ్చు, లైవ్‌లో ఆ వీలు లేదు. మీరు ఆపేసేలోపే ఎవరో స్క్రీన్ రికార్డు చేసేసుంటారు. లాఠీచార్జి లాంటిది జరుగుతుంటే లైవ్‌కి నిజంగా విలువ ఉంది. మిగతా వేళల్లో రికార్డు చేసుకుని, ఇంటికెళ్లి చూసుకుని పెడితే చాలని నా అభిప్రాయం.

అన్నిటికన్నా ముఖ్యం, జనం ముఖాలు. రోడ్డు మీద కూర్చున్నవాళ్లలో చాలామంది కౌలు రైతులు. వాళ్ల కౌలు ఎక్కువగా నోటిమాట మీదే నడుస్తుంది. ఆసామి ఎక్కడో హైదరాబాద్‌లో మీ లైవ్ చూసి, వచ్చే సార్వాకి (ఖరీఫ్‌కి) చేను ఇంకొకరికి ఇచ్చేస్తే ఆ మనిషికి మీరేం చెబుతారు? అంగన్‌వాడీ వర్కర్లకీ ఈ టెన్షన్ ఉంది. 2024 జనవరిలో వాళ్ల సమ్మె మీద ఎస్మా (అత్యవసర సేవల్లో సమ్మెల్ని నిషేధించే చట్టం) పెట్టారు కదా. అందుకని మైకు పట్టుకున్న నాయకుణ్ణి, బ్యానర్ని, తడిసి మొలకెత్తిన ధాన్యాన్ని చూపించండి. జనాన్ని వెనక నుంచి తీయండి. ఎవరినైనా మాట్లాడించాలంటే ముందు ఫోన్ దించి, "బాబాయ్ గారూ, ఇది లైవ్ వెళ్తుందండీ, మీరు కనబడినా పర్లేదాండీ?" అని అడగండి. తటపటాయిస్తే వదిలేయండి. పిల్లల్నీ, దెబ్బలు తగిలినవాళ్లనీ అసలు తీయొద్దు.

2022 మే 24న, కోనసీమ జిల్లాకి అంబేడ్కర్ పేరు పెట్టే గొడవలో అమలాపురంలో మంత్రి, ఎమ్మెల్యే ఇళ్లకు నిప్పు పెట్టారు. ఆ తర్వాత పోలీసులు వీడియోలు, సీసీటీవీ ముందేసుకుని మనుషుల్ని గుర్తుపట్టారు. తప్పు చేసినవాణ్ణి దాచమని నేననను. కానీ చూడ్డానికి వచ్చి ఫ్రేములో పడ్డ కుర్రాడు కూడా స్టేషన్ చుట్టూ తిరగాల్సి రావచ్చు. గుంపుది ఏ కులమో ఊహించి నోటితో అనకండి. "అక్కడ కాల్పులు జరిగాయంట" అని కామెంటు వస్తే చదివి వినిపించకండి, అది విని పక్క ఊరి కుర్రాళ్లు బళ్లేసుకుని వచ్చేస్తారు. అప్పట్లో కోనసీమలో రోజుల తరబడి నెట్ కూడా ఆపేశారు. అందుకే వీడియో ఫోన్‌లోనూ సేవ్ అయ్యేలా చూసుకోండి.

గుంపుగా చేరకూడదంటూ పెట్టే, మనం 144 సెక్షన్ అనేది 2024 జులై నుంచి బీఎన్ఎస్ఎస్ (సీఆర్‌పీసీ బదులు వచ్చిన కొత్త చట్టం) 163 అయింది. అది పెట్టిన చోట, చేతిలో కెమెరా ఉందని మిమ్మల్ని వదిలేస్తారనుకోకండి. వెళ్లేముందు వేలిముద్ర లాక్ తీసేసి పొడుగాటి పిన్ పెట్టుకోండి. పోలీసులు ఫోన్ తీసుకుంటే పెనుగులాడొద్దు, రాతపూర్వకంగా రసీదు అడగండి. అప్పటికప్పుడు వీడియోలు డిలీట్ చేస్తే సాక్ష్యం మాయం చేశారని మీ మీదే కేసు పడొచ్చు.

ఊరేగింపు ముందు వెనక్కి నడుస్తూ తీయడం మన దగ్గర మరీ ప్రమాదం. చాలా రోడ్లు కాలువ గట్టు మీదే ఉంటాయి, రెయిలింగ్ ఉండదు. గుర్రపుడెక్క పచ్చగా పరుచుకుని ఉంటే గట్టెక్కడ అయిపోయిందో తెలియదు. మడమ జారిందా, ఆకు కింద నిండు నీళ్లే. మీ భుజం పట్టుకుని నడిపించే మనిషి ఒకరు లేకపోతే ఒకచోట నిలబడి తీయండి.

లైవ్ అయ్యాక వీడియో ఛానల్లో అలాగే ఉండిపోతుంది. ఆ రాత్రే ప్రైవేట్‌లో పెట్టి మొత్తం చూడండి. తీసేయమని ఎవరైనా ఫోన్ చేస్తే కారణం అడక్కుండా ఆ ముక్క కత్తిరించి మళ్లీ పెట్టండి.