బెంగళూరులో చిన్న హోటలో కర్రీ పాయింటో పెడుతున్నారా? అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇవి చూసుకోండి

ఐటీ ఉద్యోగాలు ఊగిసలాడినప్పుడల్లా మారతహళ్ళి చుట్టుపక్కల కొత్త బోర్డులు లేస్తాయి. కర్రీ పాయింట్, టిఫిన్ సెంటర్, పీజీ (ఉద్యోగుల హాస్టల్), పచ్చళ్ళ షాపు. ఉద్యోగం పోయి పెట్టేవాళ్ళు కొందరు, పోతుందేమోనని ముందే పెట్టేవాళ్ళు కొందరు, ఊళ్ళో పొలం కౌలుకిచ్చి వచ్చేవాళ్ళు కొందరు. ఇలాంటి షాపుల లెక్కలు రాయడం నా పని. మూతపడ్డ షాపుల పుస్తకాలు తిరగేస్తే, కూర బాగాలేక పోయినవి తక్కువే కనిపిస్తాయి. గిరాకీ ఓ మాదిరిగా ఉండి కూడా నెల తిరిగేసరికి అద్దె, జీతాలు కట్టలేక పోయినవే ఎక్కువ. అందుకే నేను చెప్పే జాగ్రత్తలన్నీ చేతిలో ఉన్న డబ్బు ఎక్కడా ఇరుక్కుపోకుండా చూసుకోవడం చుట్టూనే తిరుగుతాయి.

షాపు, అడ్వాన్స్, మీటరు

బెంగళూరులో అద్దె కంటే అడ్వాన్స్‌తోనే భయం. పది నెలల అద్దె అడగడం ఇక్కడి పాత అలవాటు. నెలకు 40,000 అద్దె అంటే 4 లక్షలు వడ్డీ లేకుండా ఓనరు దగ్గర ఉండిపోతాయి. ఖాళీ చేసే రోజున పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె కోస్తారు, మిగతాది "కొత్త పార్టీ రాగానే ఇస్తా" అంటారు. వ్యాపారాలు పడుకున్న రోజుల్లో ఆ కొత్త పార్టీ ఎప్పుడొస్తుందో దేవుడికెరుక.

కానీ గడ్డు రోజుల్లో ఒక మేలు కూడా ఉంది. ఒకే వీధిలో నాలుగు షట్టర్లు దించి ఉంటే ఓనరు కూడా దిగొస్తాడు. ఐదారు నెలల అడ్వాన్స్‌కి బేరమాడండి. ఫిట్టింగ్ పనులు జరిగే మొదటి నెలకు అద్దె వద్దనమనండి. అడగడానికి మొహమాటం ఎందుకు? కాదంటే కాదంటాడు. ఒప్పుకున్నాక అడ్వాన్స్ ఎన్ని రోజుల్లో తిరిగివ్వాలో, ఎంత కోస్తారో, ఏటా అద్దె ఎంత పెంచుతారో, మధ్యలో ఖాళీ చేయాలంటే ఎన్ని నెలల ముందు చెప్పాలో అన్నీ అగ్రిమెంట్‌లో రాయించండి. లాకిన్ పీరియడ్ అని ఒక మాట ఉంటే దాన్ని రెండుసార్లు చదవండి. ఆ గడువులోపు షాపు మూసినా అద్దె కట్టాలని దాని అర్థం.

మొన్న మా బావమరిది ఫోన్ చేశాడు.

"బావా, కుందలహళ్ళి గేట్ దగ్గర షాపు దొరికింది. సాయంత్రానికల్లా టోకెన్ వేయమంటున్నాడు బ్రోకరు. ఇంకెవరో కూడా చూసెళ్ళారంట."

"మీటరు చూశావా?"

"మీటరుంది బావా, వెనకాల గోడకి."

"ఇంటి మీటరా, కమర్షియలా?"

అటు నుంచి సమాధానం లేదు. మనవాళ్ళు టైల్సు చూస్తారు, రోడ్డు చూస్తారు, ఎదురుగా ఉన్న ఆఫీసులో ఎంతమంది ఉంటారో చూస్తారు. మీటరు చూడరు. కారు పార్కింగ్‌ని షట్టర్లుగా మార్చిన బిల్డింగులు ఇక్కడ బోలెడు. ఇంటి కనెక్షన్ మీద గ్రైండరు, డీప్ ఫ్రీజరు నడిపితే బెస్కాం (ఇక్కడి కరెంటు సంస్థ) వాళ్ళు వచ్చిన రోజున పాత బాకీ కూడా లెక్కగట్టి బిల్లు వేస్తారు. ఆ బిల్లు ఓనరు కట్టడు. కొత్త కనెక్షన్ తీసుకుందామంటే అదీ తేలిక కాదు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ, అంటే ప్లాన్ ప్రకారమే కట్టారు, వాడుకోవచ్చు అని ఇచ్చే కాగితం) లేని బిల్డింగులకు కరెంటు, నీళ్ళు ఇవ్వకూడదని సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో తీర్పు ఇచ్చింది. ఆ దెబ్బకి 2025లో నగరంలో ఎన్నో కొత్త కనెక్షన్లు ఆగిపోయాయి. తర్వాత చిన్న సైట్లలోని ఇళ్ళకు కొంత సడలింపు వచ్చినా, కమర్షియల్ షాపు తీసుకునేవాళ్ళు ఓసీ కాగితం, కరెంటు బిల్లు కళ్ళారా చూశాకే టోకెన్ ఇవ్వాలి.

ట్రేడ్ లైసెన్సుదీ ఇదే కథ. ఇళ్ళ మధ్య 40 అడుగుల కన్నా ఇరుకు రోడ్డులో హోటలుకు లైసెన్సు రావడం కష్టం. పక్కన ఇంకో హోటల్ నడుస్తోందిగా అనుకోవద్దు, దానికి లైసెన్సు ఉందో లేదో మనకేం తెలుసు? నగరమంతటికీ ఒకే కార్పొరేషన్‌గా ఉన్న బీబీఎంపీ కూడా ఇప్పుడు లేదు. 2025 సెప్టెంబరు నుంచి గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లు వచ్చాయి, మీ షాపు ఏ కార్పొరేషన్ కిందికి వస్తుందో కనుక్కోండి. పైన కాపురాలుంటే పొగ గొట్టం ఎటు పోతుందో ముందే చూసుకోండి. తాలింపు ఘాటు మీద పై అంతస్తు ఆంటీ పెట్టే కంప్లైంటు చాలు, నెలంతా తిరగాల్సి వస్తుంది. బోర్డు మీద కనీసం 60 శాతం కన్నడ ఉండాలన్నది చట్టం. ముందు తెలుగులో రాయించి ఆనక మార్పించుకోవడం దండగ, మొదటిసారే సరిగ్గా చేయించండి.

రోజుకు ఎంత అమ్మితే గట్టెక్కుతాం

ఈ లెక్క వేయకుండా షాపు తెరిచేవాళ్ళను చూస్తే నాకు ఆశ్చర్యం. ఉదాహరణకు ఒక కర్రీ పాయింట్ తీసుకుందాం. అద్దె 40,000. వంట మాస్టర్‌కి 30,000. ఇద్దరు హెల్పర్లకు 36,000. వాళ్ళు ఉండే గదికి 10,000. కరెంటు, నీళ్ళు 10,000. మొత్తం 1,26,000. అమ్మినా అమ్మకపోయినా ఇది కట్టాల్సిందే. బియ్యం, కూరగాయలు, చికెన్, గ్యాసు, ప్యాకింగ్ పోగా నూటికి 45 రూపాయలు మిగులుతాయనుకుందాం. అప్పుడు నెలకు 2,80,000 అమ్మితే లాభం లేదు, నష్టం లేదు. 28 రోజులకు రోజుకు 10,000. మనిషి సగటున 80 రూపాయలకు కొంటే రోజుకు 125 మంది రావాలి.

రోజుకు 7,000 మాత్రమే అమ్ముడైతే? నెలకు 37,800 చేతినుంచి పడుతుంది. షాపు తెరిచాక మీ దగ్గర 3 లక్షలు మిగిలి ఉంటే ఎనిమిది నెలలు. ఆ 3 లక్షలు కూడా ఇంటీరియర్‌కి పెట్టేస్తే రెండో నెల జీతాలకే వెతుక్కోవాలి. అదే షాపును మెయిన్ రోడ్డు వదిలి లోపలి వీధిలో 20,000 అద్దెకు తీసుకుంటే రోజుకు సుమారు 8,400 అమ్మితే చాలు. కూర పట్టుకెళ్ళేవాళ్ళు నాలుగడుగులు నడుస్తారు. కూర్చుని తినే హోటలైతే మాత్రం రోడ్డు మొహం కావాలి, అక్కడ నా సలహా వేరు.

28 రోజులని ఊరికే రాయలేదు. మన గిరాకీలో ఎక్కువమంది మనవాళ్ళే. సంక్రాంతికి, దసరాకి ఊరి బస్సులు నిండిపోతే ఇక్కడ షాపులు బోసిపోతాయి. శుక్రవారం సాయంత్రం నుంచి కూడా అంతే, ఆఫీసుల దగ్గరి షాపులకు శని, ఆదివారాలు పలచన. ఇంటి నుంచి పని చేసే రోజులు పెరిగాక సోమవారం, శుక్రవారం కూడా పలచబడ్డాయి. షాపు చూసుకోవడానికి బుధవారం మధ్యాహ్నం వెళ్తే రద్దీకి కళ్ళు చెదురుతాయి. ఆదివారం రాత్రి కూడా వెళ్ళి చూడండి.

పీజీ పెట్టేవాళ్ళ సంగతి ఇంకా కష్టం, ఎందుకంటే బిల్డింగ్ మొత్తం లీజుకు తీసుకుంటారు, మంచాలు ఖాళీ అయినా అద్దె ఆగదు. 2020లో లాక్‌డౌన్‌కి పిల్లలందరూ ఊళ్ళకు పోతే ఏం జరిగిందో మారతహళ్ళి, బీటీఎం లేఔట్‌లో అందరికీ గుర్తే. మనిషికి 70 చదరపు అడుగుల జాగా, రోజుకు 135 లీటర్ల నీళ్ళు ఉండాలని కార్పొరేషన్ 2024లో నిబంధనలు పెట్టింది. అదే ఏడాది మార్చిలో బోర్లు ఎండి ట్యాంకరు ధరలకు జిల్లా యంత్రాంగమే రేటు కట్టాల్సి వచ్చింది. కావేరీ కనెక్షన్ ఉందో, బోరు మీదే నడుస్తోందో అడగకుండా పీజీ లీజు తీసుకోవద్దు.

యూపీఐ, జీఎస్టీ

2025 జులైలో బెంగళూరు చిన్న వ్యాపారులకు నోటీసులు వచ్చిన సంగతి మీరు వినే ఉంటారు. యూపీఐలో వచ్చిన డబ్బు లెక్క చూసి వాణిజ్య పన్నుల శాఖ పంపింది. 2021-22 నుంచి నాలుగేళ్ళ లెక్కలు తీశారు. టీ అంగళ్ళు, బేకరీల వాళ్ళు భయపడి క్యూఆర్ కోడ్ చించేసి "క్యాష్ మాత్రమే" అని రాసిపెట్టారు. పన్ను లేని పాలు, కూరగాయలు అమ్మేవాళ్ళకు కూడా నోటీసులు వెళ్ళాయి. వ్యాపారులు బంద్‌కు సిద్ధమైతే, ముఖ్యమంత్రి వాళ్ళతో మాట్లాడి పాత బకాయిల కోసం పట్టుబట్టబోమని, ఇకనుంచి మాత్రం రిజిస్టర్ చేసుకోవాలని చెప్పారు. అంటే ఇప్పుడు కొత్తగా పెట్టేవాళ్ళకు 'తెలియదు' అనే మాట చెల్లదు.

సరుకులు మాత్రమే అమ్మితే ఏడాదికి 40 లక్షలు, సేవలకు 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు. వండి అమ్మేది సేవ కిందికి వస్తుంది, అంటే 20 లక్షలే. పైన చెప్పిన షాపు రోజుకు 10,000 అమ్మితే ఏడాదికి 33 లక్షలు దాటుతుంది. హోటళ్ళకు మామూలుగా 5 శాతం పన్ను, కొన్న సరుకు మీద కట్టిన పన్ను తిరిగి రాదు. చిన్న వ్యాపారుల కోసం ఉన్న కాంపొజిషన్ స్కీములో కూడా 5 శాతమే, రిటర్నుల తలనొప్పి తక్కువ, కానీ బిల్లులో కస్టమర్ దగ్గర వసూలు చేయకూడదు. ఏది తీసుకున్నా 80 రూపాయల కూర మీద 4 రూపాయలు విడిగా అడిగితే కస్టమర్ మొహం మారుస్తాడు. కాబట్టి మొదటి రోజే పన్ను కలిపి ధర పెట్టండి. లేదంటే ఆ 45లో 5 పోయి 40 మిగులుతుంది, రోజుకు 10,000 సరిపోదు, 11,250 కావాలి.

ఇంకో మాట. క్యూఆర్ కోడ్ ఎవరి ఖాతాకు కట్టారో చూసుకోండి. తమ్ముడి ఫోన్‌కి కొంత, ఇంటావిడ ఖాతాకు కొంత పడుతుంటే వాళ్ళ పాన్ మీద కూడా అమ్మకాలు కనిపిస్తాయి. స్నేహితుడు తిరిగిచ్చిన చేబదులు, చీటీ డబ్బు, షాపు గల్లా అన్నీ ఒకే ఖాతాలో కలిస్తే రెండేళ్ళ తర్వాత ఏది ఏదో మీరే చెప్పలేరు. షాపు పేరు మీద కరెంట్ అకౌంట్ తెరిచి, క్యూఆర్ దానికే కట్టండి.

అప్పు

ఊళ్ళో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. అదే నయం అనిపించేలా ఉంటుంది డైలీ ఫైనాన్స్. 10,000 అప్పంటారు, 1,500 ముందే కోసుకుని 8,500 చేతిలో పెడతారు, వంద రోజులు రోజుకు వంద చొప్పున కట్టించుకుంటారు. రోజూ తీరిపోతూ ఉంటుంది కాబట్టి సగటున మీ దగ్గర ఉండేది అందులో సగమే. ఏడాది లెక్కన చూస్తే వడ్డీ నూటికి నూరు దాటుతుంది. షాపు చల్లబడ్డ మొదటి నెలలో ఈ ఫైనాన్స్ వాళ్ళు ఎక్కడినుంచో వాసన పట్టి వస్తారు.

బ్యాంకు దారి నెమ్మదైనా అదే మేలు. చిన్న వ్యాపారాలకు అప్పిచ్చే ప్రభుత్వ పథకం ముద్రలో 50,000 వరకు శిశు, 5 లక్షల వరకు కిశోర్, 10 లక్షల వరకు తరుణ్, వీటికి తాకట్టు అడగకూడదు. పీఎంఈజీపీ అనే కేంద్ర స్వయం ఉపాధి పథకంలో సబ్సిడీ ఉంది గానీ అది కొత్త యూనిట్లకే. షాపు తెరిచాక అప్లై చేస్తే ఇవ్వరు. ఆ సబ్సిడీ కూడా చేతికి రాదు, మూడేళ్ళు బ్యాంకులో డిపాజిట్‌గా ఉండి తర్వాత అప్పులో సర్దుకుంటుంది. దాన్ని నమ్ముకుని ఫ్రిజ్‌లు కొనకండి. ఆ మాటకొస్తే ఫ్రిజ్‌లు, స్టీలు టేబుళ్ళు, గ్రైండర్లు కొత్తవి కొనడమే దండగ. మూతపడ్డ హోటళ్ళ సామాను ఇలాంటి రోజుల్లో సగం ధరకే దొరుకుతుంది. మీ దగ్గర తెలిసినవాళ్ళు ఉంటే నేరుగా వాళ్ళ దగ్గరే కొనండి.

చిన్న వ్యాపారంగా ప్రభుత్వం దగ్గర నమోదయ్యే ఉద్యం రిజిస్ట్రేషన్ ఉచితం, ఆధార్‌తో అయిపోతుంది. రెండు వేలు అడిగే వెబ్‌సైట్లు ప్రభుత్వానివి కావు. ఆఫీసులకు లంచ్ సప్లై చేసేవాళ్ళకు ఇది పనికొస్తుంది. రాతపూర్వక ఒప్పందం ఉంటే 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో ఆ ఆఫీసు మీకు డబ్బు ఇవ్వాలి, ఆలస్యమైతే వడ్డీ కూడా అడగొచ్చు. కానీ చట్టం మీ వైపు ఉన్నంత మాత్రాన రేపటి చికెన్ బిల్లు కట్టడానికి డబ్బు రాదు. కష్టాల్లో ఉన్న స్టార్టప్ ఒక్కదాని మీదే వంద లంచులు పెట్టుకోవద్దు.

ఫుడ్ యాప్‌ల కమీషను, డిస్కౌంట్లు, యాడ్ ఖర్చు కలిపి ఎంత కోస్తున్నారో మొదటి సెటిల్‌మెంట్‌లోనే లెక్క చూడండి. ఆహార భద్రతా సంస్థ ఇచ్చే ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు ఇంట్లో వండి అమ్మినా కావాలి. పార్ట్‌నర్‌షిప్ ఎంత ప్రాణ స్నేహితుడితో అయినా డీడ్ రాసుకోండి, ఎవరైనా తప్పుకుంటే ఎంత, ఎప్పుడు ఇవ్వాలో అందులో ఉండాలి. ఉద్యోగం మానేసిన రోజే కంపెనీ ఆరోగ్య బీమా కూడా పోతుంది, కాబట్టి మానేయకముందే సొంత పాలసీ తీసుకోండి. పాత జబ్బులకు మూడేళ్ళ వరకు వెయిటింగ్ ఉండొచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీ తీసేశారు, ఆ మేరకు నయం.

మూసేయాల్సి వస్తే

ఎంతవరకు పోగొట్టుకోగలరో షాపు తెరవకముందే ఇంట్లో కూర్చుని ఒక అంకె అనుకోండి, ఇంటావిడ ముందు అనుకుంటే ఇంకా మంచిది. ఆ అంకె దగ్గరికి వచ్చినప్పుడు ఓనరుకు నోటీసు ఇవ్వండి. అడ్వాన్స్ అద్దెలో సర్దుకుంటానని మాటతో కాకుండా వాట్సాప్‌లో రాతపూర్వకంగా ఒప్పించుకోండి. కరెంటు బిల్లు చివరి రీడింగ్ ఫొటో తీసుకోండి. షట్టరు దించితే జీఎస్టీ ఆగిపోదు, అమ్మకాలు సున్నా అయినా రిటర్ను వేయాలి, రెగ్యులర్ స్కీములో వేయకపోతే నిల్ రిటర్నుకు కూడా రోజుకు 20 రూపాయల లేటు ఫీజు పడుతుంది. రిజిస్ట్రేషన్ రద్దుకు దరఖాస్తు పెట్టి, రద్దయిన మూడు నెలల్లోపు జీఎస్టీఆర్-10 అనే ఆఖరి రిటర్ను వేయాలి. దీన్ని చాలామంది మరిచిపోతారు, తర్వాత ఎప్పుడో నోటీసు పాత షాపు అడ్రసుకే పోతుంది.