అలాయ్‌లు మార్చాక టైరు ఒరుసుకుంటోందా? ఈటీ ఒక్కటే చూస్తే చాలదు

కంపెనీ వీల్స్ తీసి వెడల్పాటి అలాయ్‌లు వేయించాక వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం రిమ్ము వెనక అచ్చేసిన నాలుగు అంకెలు చదవకపోవడం వల్లనే. వెడల్పు (అంగుళాల్లో, పక్కన జె అని ఉంటుంది), ఆఫ్‌సెట్ (ఈటీ), పీసీడీ (నట్ల రంధ్రాలు ఉండే వలయం వ్యాసం), సెంటర్ బోర్ (రిమ్ము నడిమి రంధ్రం వ్యాసం). పీసీడీ కలవకపోతే వీల్ ఎక్కనే ఎక్కదు కాబట్టి అది అందరూ చూస్తారు. మిగతా మూడూ వదిలేస్తారు.

టైరు ఒరుసుకుంటోంది

ఎప్పుడు తగులుతోందో ముందు తేల్చుకోండి. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడే అయితే ముందు టైరు లైనర్‌కు (చక్రం గూడు లోపలి ప్లాస్టిక్ తొడుగు) తగులుతోంది. ఇంటిల్లిపాదీ ఎక్కి మేడారం బయల్దేరినప్పుడు స్పీడ్ బ్రేకర్ల మీద గీరితే వెనక టైరు ఫెండర్ (చక్రం పైని రేకు) అంచుకు తగులుతోంది. నేరుగా పోతున్నా చప్పుడు ఆగకపోతే లోపల షాకబ్జర్‌కు తగులుతున్నట్టు. అప్పుడు బండి ఆపేయాల్సిందే, టైరు పక్కభాగం కోసుకుపోతుంది. అనుమానముంటే ఈ మూడు చోట్లా సుద్ద రాసి కాజీపేట దాకా పోయి రండి. ఎక్కడ చెరిగితే అక్కడే తగిలింది.

కారణం దగ్గరే అందరూ దెబ్బతింటారు. "పాతదీ ఈటీ 45, కొత్తదీ 45, ఇంకేం తేడా?" అంటారు. రిమ్ము నడిమి గీత నుంచి హబ్బుకు (కారుకు వీల్‌ను బిగించే భాగం) ఆనే ముఖం ఎన్ని మి.మీ. దూరమో, ఈటీ అంతే చెప్తుంది. వెడల్పు సంగతి దానికి తెలియదు. 5.5జె నుంచి 7జెకి పోతే రిమ్ము 38 మి.మీ. పెరుగుతుంది, ఈటీ అదే ఉన్నా లోపలికి 19, బయటికి 19. అదే 7జెలో ఈటీ 38 తీసుకుంటే, ఈటీ తగ్గిన 7 మి.మీ. వీల్ బయటికి జరుగుతుంది కాబట్టి, లోపలికి 12, బయటికి 26. పాత రిమ్ము అంచుకూ షాకబ్జర్‌కూ మధ్య 15 మి.మీ. ఖాళీ ఉన్న కారుకు మొదటిది పట్టనే పట్టదు. రెండోదానికి లోపల 3 మి.మీ. మిగులుతుంది, కానీ బరువు పడగానే బయట ఫెండర్ అంటుకుంటుంది.

అచ్చేసిన అంకెను నమ్మకుండా కొలుచుకునే పద్ధతి ఒకటుంది, టైరు ఎక్కించకముందే చేయాలి. ఎక్కించాక షాపువాళ్లు వాపసు తీసుకోరు. రిమ్మును ముఖం కిందికి పెట్టి, వెనక అంచుల మీద తిన్నటి కర్ర అడ్డంగా పెట్టి, కర్ర నుంచి హబ్బు ఆనే చోటికి లోతు కొలవండి. పాత రిమ్ముకూ ఇలాగే కొలవండి. కొత్తది ఎంత ఎక్కువ లోతుంటే వీల్ అంత లోపలికి పోతుంది. కొత్త వీల్ ఎక్కాక లోపల కనీసం 5 మి.మీ. మిగలాలి.

ఇప్పటికే వేయించేసి లోపల తగులుతుంటే 5 మి.మీ. స్పేసర్ (హబ్బుకూ వీల్‌కూ మధ్య పెట్టే బిళ్ల) పనికొస్తుంది. అయితే నట్టు స్టడ్ (హబ్బు నుంచి వచ్చే మరబోల్టు) మీద తగినన్ని చుట్లు ఎక్కాలి: మారుతీ 12×1.25 స్టడ్‌కు (12 మి.మీ. మందం, మర ఒక్కో చుట్టుకు 1.25 మి.మీ.) సుమారు 10, హ్యుందాయ్ 12×1.5కు 8. అంతకు తక్కువైతే పొడవు స్టడ్లు వేయించాలి. బయట తగిలితే స్పేసర్ ఇంకా చెడగొడుతుంది. సన్నటి టైరు వేయండి, లేదా వీల్ మార్చండి. హబ్బు ఆనే ముఖాన్ని లేత్‌లో చెక్కించే పని మాత్రం ఎవరు చెప్పినా వద్దు, అక్కడ లోహం పలచబడితే రిమ్ము పగులుతుంది.

హైదరాబాద్ రోడ్డెక్కి 80 దాటగానే వణుకు

బ్యాలెన్సింగ్ రెండుసార్లు చేయించినా పోలేదంటే సెంటర్ బోర్ చూడండి. స్విఫ్ట్, ఐ20 హబ్బు 54.1 మి.మీ. బయట దొరికే అలాయ్‌లు చాలావరకు 67.1 లేదా 73.1. ఆ సందు పూడ్చే హబ్ రింగు, ఉదాహరణకు 73.1–54.1, నాలుగింటికీ వేయించండి. వీల్ గాల్లో ఉండగానే ఎదురెదురు నట్లు కొంచెం కొంచెంగా బిగించి, నేల మీదికి దించాక చివరి బిగువు ఇవ్వాలి. 100 కి.మీ. తిరిగాక మళ్లీ చూడాలి.

గుంటల్లో స్టీరింగ్ చేతిని లాగుతోంది

ఈటీ బాగా తగ్గితే ఇది తప్పదు. అలైన్‌మెంట్ చేయిస్తే కొంత నయం, పూర్తిగా పోవాలంటే పాత ఈటీకి దగ్గరి వీలే.

రిమ్ము వంకర, బేరింగ్ హోరు లాంటివి కొత్త వీల్స్‌లో అరుదు. పైవన్నీ సరిచూశాకే వాటికి పైసలు పెట్టండి.