గ్లవ్స్ కంటే ముందు పట్టీ

శ్రీకాకుళంలో నా దగ్గరికి పొద్దున్నే బాక్సింగ్ నేర్చుకోడానికొచ్చే గుంటలు ముందు అడిగేది గ్లవ్స్. నేనిచ్చేది గుడ్డ పట్టీ. మొహాలు మాడ్చుకుంటారు. ఆ వయసులో నేనూ అంతే. పట్టీ లేకుండా బ్యాగ్‌ని నాలుగు గుద్దులు గుద్దాను. తర్వాత నెల్లాళ్లు మా అమ్మే అన్నం కలిపి పెట్టింది.

పట్టీ నూలుది కావాలి, పొడవు 4.5 మీటర్లు. పోటీల్లో అంతకు మించనివ్వరు. ఒకడు వాళ్ల తాత పాత పొందూరు ఖద్దరు పంచె చింపి తెచ్చాడు. అంచుల్లో దారాలు లేచి, మూడో రోజుకి తాడైపోయింది. పంచె పోయినందుకు ఇంట్లో తిట్లు వేరే.

వేళ్లు బాగా చాపండి. పట్టీ కొసనున్న లూప్‌లో బొటనవేలు దూర్చి, చేతి వెనకవైపు నుంచి మణికట్టుకి తెచ్చి మూడు చుట్లు చుట్టండి. అక్కణ్ణుంచి పైకెళ్లి కణుపుల చుట్టూ మూడు. ఇక వేళ్ల సందులు. చిటికెన, ఉంగరం వేళ్ల మధ్య దూర్చి, బొటనవేలి మొదలు మీదుగా తిప్పి, పక్క సందులోకి. మూడు సందులూ అయ్యాక బొటనవేలికో చుట్టు. మిగిలింది కణుపుల మీద తిప్పి, చివర మణికట్టు దగ్గర వెల్క్రో అంటించండి.

అందరూ తప్పేది బిగింపులోనే. పిడికిలి పట్టినప్పుడు పట్టీ బిగియాలి, చెయ్యి తెరిస్తే వదులవ్వాలి. వేళ్ల కొసలు తిమ్మిరెక్కాయా, మొత్తం విప్పి మళ్లీ కట్టండి. బద్ధకిస్తే కుదరదు.

చేతిలో ఉన్నవి 27 చిన్న ఎముకలు. పట్టీ వాటిని ఒక కట్టగా పట్టి ఉంచుతుంది, అంతే. గుద్దు చూపుడు, మధ్య వేళ్ల కణుపులతో పడాలి. చిటికెన వేలి కింద ఎముక విరిగితే డాక్టర్లు 'బాక్సర్స్ ఫ్రాక్చర్' అంటారు గానీ, నన్నడిగితే అది కోపంతో గోడని గుద్దేవాళ్ల జబ్బు. మన ఊరి స్టేడియానికి పేరిచ్చిన కోడి రామ్మూర్తి నాయుడు గారిది కుస్తీ, అందులో వేళ్లకి పట్టు కావాలి. మనకి వేళ్లు మడిచి మూసెయ్యడమే పని.

మొదట్లో రెండు చేతులకీ పావుగంట పడుతుంది. ఒలింపిక్స్‌లో ఆట మూడు నిమిషాల రౌండ్లు మూడు, తొమ్మిది నిమిషాలే కదా అని నవ్వుతారు. నవ్వనివ్వండి.

ప్రాక్టీసయ్యాక పట్టీ ఉతికి ఆరేయండి, లేకపోతే సంచీ మొత్తం కంపు. మడిచేటప్పుడు వెల్క్రో కొస లోపలికి పెట్టి చుట్టండి. మర్నాడు లూప్ పైనే దొరుకుతుంది.