కనురెప్పల శస్త్రచికిత్సకు ముందు జాగ్రత్తలు

- ఆస్పిరిన్, వార్ఫరిన్ లాంటి రక్తాన్ని పలచబరిచే మందులు వాడుతుంటే వైద్యుడికి ముందే చెప్పండి. చేపనూనె మాత్రల సంగతీ దాచవద్దు. అరుదుగానే అయినా, కంటి వెనుక రక్తం చేరితే చూపే పోవచ్చు. అలాగని గుండె మందును సొంతంగా ఆపేయడమూ ప్రమాదమే.
- కళ్లు పొడిబారుతున్నాయా? థైరాయిడ్ సమస్య ఉందా? ముందే పరీక్ష చేయించుకోండి.
- పొగతాగడం మానండి.
- ఎంత చర్మం తీయాలో చూపే గీతలను పైరెప్పపై మత్తు సూదికి ముందే, కూర్చోబెట్టి గీస్తారు. పడుకుంటే కనుబొమ్మ జరిగి కొలత మారుతుంది. ఇంకాస్త చర్మం తీయమని దయచేసి పట్టుబట్టకండి. కనుబొమ్మకూ రెప్ప వెంట్రుకలకూ మధ్య దాదాపు 20 మిల్లీమీటర్లు మిగలాలి, లేదంటే కన్ను పూర్తిగా మూతపడకపోవచ్చు.
- ఆ రోజు కాటుక, కాంటాక్ట్ లెన్సులు వద్దు. ఇంటికి తీసుకెళ్లేందుకు ఒకరు తోడుండాలి.