అటక మీది పాత సామానుతో ఇంటిని అలంకరించుకోవడం ఎలా?

భోగి పండుగకు వారం రోజుల ముందు విజయవాడ, గుంటూరు ఇళ్లలో అటకలు ఖాళీ అవుతాయి. కాలు విరిగిన పీటలు, చెదపట్టిన చెక్కలు భోగి మంటకు పోతాయి. ఇత్తడి, ఇనుప సామాను పాత సామాన్ల బండి మీద తూకానికి వెళ్లిపోతుంది. అలా పోయే వాటిలో హాల్లోనో వరండాలోనో పెట్టుకోదగినవి ఏవో గుర్తించి, వాటిని బాగుచేసుకునే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. రంగు వేయడం ఇందులో చివరి పని, చాలా వస్తువులకు అది అసలు అవసరమే ఉండదు.

మొదట ఏవి ఉంచాలో తేల్చుకోవాలి

కిందికి దించిన సామానంతా ఒక పాత దుప్పటి మీద పరిచి, పగటి వెలుతురులో ఒక్కొక్కటి చేతిలోకి తీసుకుని చూడాలి. చెక్క వస్తువును వేలి కణుపుతో కొట్టినప్పుడు గట్టిగా పలికితే మంచిదే. డొల్లగా మోగినా, స్క్రూడ్రైవరు మొన మెత్తగా దిగబడినా లోపల చెదలు తినేసినట్టే. దాన్ని మళ్లీ ఇంట్లో పెడితే పక్కనున్న సామానుకూ ముప్పు తప్పదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదలో నానిన సామాను ఇంకా అట్టిపెట్టుకున్నవారు ఒక తేడా గమనించాలి. టేకు పీట నీడలో నెమ్మదిగా ఆరితే తిరిగి పనికొస్తుంది గాని, పొరలు విడిపోయిన ప్లైవుడ్డు మీద ఎంత శ్రమ పెట్టినా వృథాయే.

పాత రంగు ఉన్న తలుపులు, కిటికీ రెక్కల విషయంలో మరో జాగ్రత్త అవసరం. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాలకు 90 భాగాలు) మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది కాబట్టి, అంతకుముందు వేసిన రంగులో సీసం ఉండవచ్చుననే అనుకోవాలి. అలాంటి చెక్కను పొడిగా గీకకుండా నీళ్లు చల్లి, వాటర్ పేపరుతో, అంటే తడిలో వాడే ఉప్పు కాగితంతో, తడి మీదనే రుద్ది, వచ్చిన ముద్దను కాగితంలో చుట్టి పారేయాలి. మాస్కు తప్పనిసరి, పిల్లలు దరిదాపుల్లో ఉండకూడదు. ఆ చెక్కను భోగి మంటలో వేయడమూ మంచిది కాదు, ఎందుకంటే సీసం పొగలో కలిసి అందరికీ అందుతుంది.

ఇత్తడి బిందె

పెళ్లిలో పెట్టే ఇత్తడి సామాను మీద పేర్లు వేయించడం మన వైపు అలవాటు. మా ఇంటి బిందె మెడ కింద, చుక్కలు చుక్కలుగా పొడిచిన అక్షరాలలో మా అమ్మమ్మ పేరు ఉంది. చివరి ‘మ్మ’ దగ్గర ఉలి జారి ఒక చుక్క వరుస తప్పింది. దాని జత బిందెను కొన్నేళ్ల కిందట ఒక దుకాణంలో మిషను పాలిషుకు ఇస్తే అద్దంలా మెరుస్తూ తిరిగి వచ్చింది గాని, ఇప్పుడు దాని మీద పేరు చదవాలంటే కిటికీ దగ్గరికి తీసుకువెళ్లి ఏటవాలుగా తిప్పి చూడాలి. అందుకే పేర్లున్న సామానును చేత్తోనే తోముకోమంటాను.

గుప్పెడు చింతపండును గోరువెచ్చని నీళ్లలో అరగంట నానబెట్టి, చెంచాడు మెత్తటి ఉప్పు కలిపి, ఆ గుజ్జును బిందెకు పట్టించి పది నిమిషాలు వదిలేయాలి. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం ఇత్తడి మీది నల్లటి పొరను కరిగిస్తుంది. ఆ తరువాత కొబ్బరి పీచుతో తోమాలి. మెడ దగ్గర చేరిన పచ్చని చిలుము ఒక్కసారికి వదలకపోతే రెండోసారి గుజ్జు పట్టించాలే తప్ప స్టీలు పీచుతో గీకకూడదు. అక్షరాల సందులకు పాత టూత్‌బ్రష్షు చాలు. పులుపు ఏమాత్రం మిగిలినా తెల్లవారేసరికి మచ్చలు తేలతాయి కనుక సబ్బునీటితో రెండుసార్లు కడిగి, వెంటనే పొడిగుడ్డతో తుడవాలి. తుడవకుండా ఆరనిస్తే బోరు నీటి తెల్లటి చారికలు మిగులుతాయి.

మొక్క పెట్టాలనుకుంటే బిందెకు రంధ్రం చేయించవద్దు. మూతిలో కూర్చునే ప్లాస్టిక్ కుండీలో మనీ ప్లాంటు నాటి, నీళ్లు పోసేటప్పుడల్లా కుండీని బయటికి తీసి, పూర్తిగా కారిన తరువాతే తిరిగి పెట్టాలి, లేకపోతే బిందె అడుగున నిలిచిన నీరు దోమలకు నిలయమవుతుంది. దీపస్తంభంగా మార్చదలచినవారు మాత్రం ఎలక్ట్రీషియనును పిలిపించి, మూడు పిన్నుల ప్లగ్గుతో ఎర్తింగ్ ఇప్పించి, ఎల్‌ఈడీ బల్బు పెట్టించుకోవాలి.

ట్రంకు పెట్టె

హాస్టలు చదువులప్పటి ట్రంకు పెట్టెను రెండు పీటల మీద ఎక్కిస్తే చక్కని టీపాయ్ అవుతుంది. ముందు ఇనుప బ్రష్షుతో తుప్పు రాల్చి, 80 నంబరు ఉప్పు కాగితంతో రుద్ది, 220 నంబరుతో నునుపు చేసి, టర్పెంటైనులో తడిపిన గుడ్డతో దుమ్ము తుడవాలి. రెడ్ ఆక్సైడు ప్రైమరు ఒక పూత వేసి ఒక రోజంతా ఆరనిచ్చిన తరువాత, ఎనామిల్ రంగును పలుచగా రెండు పూతలు, మధ్యలో మరో రోజు విడిచి వేయాలి. మే నెల మిట్టమధ్యాహ్నపు ఎండలో ఈ పని పెట్టుకుంటే రంగు పైపైన ఆరి ముడతలు పడుతుంది, వానల్లో పెట్టుకుంటే చెమ్మ పట్టి బొబ్బలెక్కుతుంది. శీతాకాలమే అనువైన సమయం. బందులకు రంగు తగలనివ్వకుండా నూనె చుక్క వేస్తే మూత కిర్రుమనదు.

ఆవకాయ జాడీ

ఏళ్ల తరబడి ఊరగాయ పెట్టిన జాడీలో ఉప్పు ఇంకి ఉంటుంది. దాన్ని వారం పాటు రోజూ నీళ్లు మారుస్తూ నానబెట్టకపోతే, ఆరిన తరువాత పగుళ్ల వెంట తెల్లటి పూతలా ఉప్పు బయటపడుతుంది. బీటలు వారిన జాడీలో నీళ్లు పోయకుండా గరిటెలకో, ఎండిన రెల్లుపూలకో వాడుకోవాలి.

పట్టుచీర అంచు

పాత పట్టుచీరలు కొంటామంటూ వీధుల్లో తిరిగేవారికి కావలసింది జరీలోని వెండి. మడతల దగ్గర చీలిపోయిన చీరనైనా వారికి ఇచ్చేముందు అంచూ పైటకొంగూ బాగున్నాయేమో విప్పి చూడాలి. బాగున్న మేరకు జానెడు ఎక్కువగానే కత్తిరించి, ఉతికి ఆరేసిన తెల్లని నూలు బట్ట మీద పరిచి, అదే రంగు సన్నని దారంతో చుట్టూ వదులుగా కుట్టాలి. జిగురు వాడితే ఏడాది తిరిగేలోగా పసుపు మరకలు తేలతాయి. ఫ్రేము కట్టించేటప్పుడు అద్దం బట్టకు ఆనకుండా మధ్యలో సన్నని బద్ద పెట్టించాలని దుకాణంలో ముందే చెప్పాలి. ఎండ నేరుగా పడని గోడను ఎంచుకుని, ఫ్రేము వెనుక నాలుగు మూలలా కార్కు ముక్కలు అంటించి తగిలిస్తే, మధ్యలో గాలి ఆడి వానాకాలంలో గోడ చెమ్మ పట్టుకు ఎక్కకుండా ఉంటుంది.