లాక్‌డౌన్ ముంచుకొస్తుంటే హబ్‌లో ముందుగా చూసుకోవలసినవి

2020 మార్చి 24 రాత్రి 8 గంటలకు కరోనా లాక్‌డౌన్ గురించి ప్రధాని ప్రకటన వచ్చింది. అర్ధరాత్రి నుంచే దేశం మూతపడింది. 2021లో తెలంగాణ మంత్రివర్గం మే 11న నిర్ణయం తీసుకుంది. మర్నాడు ఉదయం 10 గంటలకు లాక్‌డౌన్ అమల్లోకి వచ్చింది. సిద్ధం కావడానికి ఒకసారి నాలుగు గంటలు, మరోసారి ఒక్క రోజు కూడా లేదన్నమాట. ఆన్‌లైన్‌లో కిరాణా సరుకులు అమ్మే పెద్ద దుకాణాల్లో హబ్ (ఆర్డరైన సరుకులు ఏరి, కట్టి, ఇళ్లకు పంపే కేంద్రం) మేనేజర్లు, షిఫ్టు సూపర్‌వైజర్లు ప్రకటన వెలువడ్డాక ఆలోచించడం మొదలుపెడితే అప్పటికే ఆలస్యమైనట్టు. కేసులు పెరుగుతున్నాయన్న వార్త వచ్చిన వారమే కింది పనులు మొదలుపెట్టండి.

అన్నిటికన్నా ముందు లెక్కపెట్టవలసింది మనుషులను. గోదాములో బియ్యం ఉంటాయి, యాప్‌లో ఆర్డర్లు ఉంటాయి, వాటిని ఏరి సంచిలో పెట్టే చేతులే ఉండవు. 2020లో జరిగింది అదే. బస్సులు ఆగిపోయి కొందరు రాలేకపోయారు. ఇంట్లోవాళ్లు భయపడి కొందరిని పంపలేదు. వలస వచ్చినవాళ్లలో చాలామంది సొంత ఊళ్ల దారి పట్టారు. మే 1న వలస కార్మికులను సొంత రాష్ట్రాలకు చేర్చే మొదటి శ్రామిక్ రైలు హైదరాబాద్ శివారు లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది. బ్రిటన్‌లో టెస్కో అనే సూపర్‌మార్కెట్ సంస్థకు ఒక దశలో 50 వేల మందికి పైగా సిబ్బంది పనికి దూరమయ్యారు. దాదాపు అంతే సంఖ్యలో తాత్కాలిక సిబ్బందిని తీసుకున్నాకే అది నిలదొక్కుకుంది.

కాబట్టి మస్టరులో ఉన్న పేర్లను నమ్ముకోకండి. ఎవరు ఎక్కడ ఉంటారు, ఎలా వస్తారు, ఇంట్లో పెద్దవాళ్లున్నారా, ఊరికి వెళ్లిపోయే ఆలోచన ఉందా అన్నది ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడగండి. ఉండిపోతామన్నవాళ్లకు హబ్‌కు నడిచి వచ్చేంత దూరంలో గది, రెండు పూటల భోజనం ఏర్పాటు చేయండి. ఆ నెల జీతంలో కొంత ముందే చేతికివ్వండి. వెళ్తామన్నవాళ్లను బతిమాలి ఆపకండి. బాకీ లేకుండా లెక్క తేల్చి పంపితే పరిస్థితి చక్కబడ్డాక వాళ్లే తిరిగి వస్తారు. రాత్రి షిఫ్టు ముగించుకుని వెళ్లే ఆడవాళ్లకు సంస్థ వాహనం తప్పనిసరి. కర్ఫ్యూ వేళ రోడ్డు మీద ఆటో దొరకదు.

జ్వరం వచ్చినవాళ్లకు జీతంతో సెలవు ఇస్తామని నోటీసు బోర్డు మీద ముందే రాయండి. సెలవు పెడితే కూలి పోతుందనుకున్న మనిషి మాత్ర వేసుకుని పనికి వస్తాడు. రెండు రోజుల్లో షిఫ్టంతా పడకేస్తుంది. సిబ్బందిని రెండు జట్లుగా విడదీసి ఒకరికొకరు ఎదురుపడకుండా, మధ్యలో అరగంట విరామంతో నడపండి. ఆ అరగంట తోపుడు బళ్లు, స్కానర్లు తుడవడానికి పనికొస్తుంది. దీన్ని ఖర్చుగా లెక్కేసేవారు ఫ్రాన్స్‌లో జరిగింది గుర్తుంచుకోవాలి. కార్మికుల రక్షణకు తగిన చర్యలు లేవని ఒక కార్మిక సంఘం కోర్టుకెక్కితే, 2020 ఏప్రిల్ 14న నాంటేర్ కోర్టు నిత్యావసరాలు తప్ప మరేమీ పంపవద్దని అమెజాన్‌ను ఆదేశించింది. ఆ తర్వాత ఫ్రాన్స్‌లోని అమెజాన్ ఆరు గోదాములూ నెలకు పైగా మూతపడ్డాయి.

ఇక అనుమతి పత్రాలు. 2020 మార్చిలో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వులోనే ఆహారం, మందులు ఇంటికి చేరవేసే ఇ-కామర్స్‌కు మినహాయింపు ఉంది. అయినా డెలివరీ సిబ్బంది లాఠీ దెబ్బలు తిన్నారు, కొన్ని గోదాములను స్థానిక అధికారులు మూయించారు. ఫ్లిప్‌కార్ట్ మార్చి 25న సేవలు నిలిపివేసి, పోలీసుల నుంచి భరోసా దొరికాకే కిరాణా మళ్లీ మొదలుపెట్టింది. 2021 మే 22న హైదరాబాద్‌లో డెలివరీ వాళ్ల బళ్లను పట్టుకుని జరిమానాలు వేశారు. తర్వాత మళ్లీ అనుమతించారు. మినహాయింపు కాగితం మీద ఉంటే చాలదు, చెక్‌పోస్టు దగ్గర నిలబడ్డ కానిస్టేబుల్‌కు తెలిసి ఉండాలి. ఉత్తర్వు ప్రతిని తెలుగులో, సంబంధించిన వాక్యం కింద గీత గీసి, ప్రతి ఒక్కరి జేబులో పెట్టండి. గుర్తింపు కార్డు మీద పేరు, బండి నంబరు ఆధార్‌తోనూ ఆర్‌సీతోనూ సరిపోలాలి. మీ పరిధిలోని పోలీస్ స్టేషన్‌కు ముందే వెళ్లి సిబ్బంది జాబితా ఇచ్చి, ఒక అధికారి నంబరు తీసుకోండి. ఆపితే ఎదురు వాదించవద్దనీ, పక్కకు నిలబడి సూపర్‌వైజరుకు ఫోను చేయమనీ కుర్రాళ్లకు గట్టిగా చెప్పండి. దెబ్బ తినేది వాళ్లు. ఆ ఫోను ఎత్తే మనిషి రాత్రి ఆఖరి బండి తిరిగి వచ్చేదాకా మేల్కొని ఉండాలి.

ఆర్డర్ల విషయంలో నా మాట ఒక్కటే: ఈ ఉదయం హాజరైన మనుషులు ఎంత ఏరగలరో అంతకే స్లాట్లు (డెలివరీకి కొనుగోలుదారు ఎంచుకునే వేళలు) తెరవండి. డబ్బు కట్టించుకుని పది రోజులు తిప్పడం కన్నా "ఈ రోజుకు స్లాట్లు లేవు" అని చెప్పడం వెయ్యి రెట్లు నయం. ఒకరు గంటకు ఎన్ని ఆర్డర్లు ఏరగలరో మామూలు రోజుల్లోనే రాసి పెట్టుకుంటే ఈ లెక్క తేలిక. జాబితాను కూడా కుదించండి. బియ్యం, పప్పులు, నూనె, పిండి, పాలపొడి, సబ్బులు, పసిపిల్లల ఆహారం ఉంటే చాలు, ఇరవై రకాల బిస్కెట్లు అక్కర్లేదు. అయిదు కిలోల బియ్యం, కిలో పప్పు, లీటరు నూనె వంటివి ముందే కట్టి ఉంచిన మూటగా అమ్మితే ఏరే పని సగం తగ్గుతుంది. ఒక్కో ఇంటికి గరిష్ఠ పరిమితి పెట్టండి. దుకాణంలో అమ్మేదీ ఆన్‌లైన్‌లో అమ్మేదీ ఒకే అర నుంచి అయితే, ఆన్‌లైన్‌లో చూపే స్టాకు అసలుకన్నా కొంత తక్కువగా ఉంచండి.

కొన్ని స్లాట్లు వృద్ధులకూ, ఇల్లు కదలలేని వారికీ విడిగా తీసి పెట్టాలి. టెస్కో వారానికి దాదాపు 6 లక్షలున్న స్లాట్లను అయిదు వారాల్లో రెట్టింపు చేసింది. అలాంటి సంస్థ కూడా బలహీనులకు విడిగా కేటాయించకుండా నెట్టుకు రాలేకపోయింది. యాప్ వాడటం రాని పెద్దలు మన దగ్గర ఎక్కువ. తెలుగులో మాట్లాడి ఆర్డరు రాసుకునే ఫోను ఒకటి తప్పక ఉండాలి.

చేతులు చాలకపోతే ఆ రోజుల్లో పని ఆగిపోయిన రంగాల వైపు చూడండి. 2020 ఏప్రిల్‌లో ఖాళీగా ఉన్న ఊబర్ డ్రైవర్లు బిగ్‌బాస్కెట్, ఫ్లిప్‌కార్ట్ సరుకులు చేరవేశారు. హోటళ్లు, సినిమా హాళ్లలో పనిచేసేవాళ్లు దొరుకుతారు. కొత్తవాళ్లకు సరుకు ఏరడం, మూట కట్టడం మాత్రమే నేర్పండి. బిల్లింగూ, వాపసులూ పాతవాళ్ల చేతిలోనే ఉంచండి. బరువైన ట్రాలీలు, లిఫ్టు దగ్గర కొత్తవాళ్లను ఒంటరిగా వదలవద్దు.

గుమ్మం దగ్గర జాగ్రత్త రెండు వైపులా అవసరం. 2020 ఏప్రిల్‌లో ఢిల్లీలో పిజ్జా తెచ్చిన ఒక కుర్రాడికి వైరస్ సోకిందని తేలి 72 ఇళ్లను క్వారంటైన్‌లో పెట్టారు. కొద్ది రోజులకే తెలంగాణ ప్రభుత్వం స్విగ్గీ, జొమాటో వంటి ఆహార డెలివరీలను ఆపేసింది. నగదు తీసుకోవడం ఆపండి. సంచి గుమ్మం ముందు పెట్టి, గంట కొట్టి, దూరం జరగమని డెలివరీ సిబ్బందికి చెప్పండి. ఏ బండి ఏ ఇళ్లకు వెళ్లిందో తేదీలవారీగా రాసి ఉంచండి. అపార్ట్‌మెంట్ల సంఘాలతో మాట్లాడి, మొత్తం ఆర్డర్లను ఒకే బండిలో ఒకే వేళకు గేటు దగ్గర దింపే ఏర్పాటు చేసుకోండి. డెలివరీ మనిషికి తాగడానికి నీళ్లు, వాడుకోవడానికి మరుగుదొడ్డి చూపమని ఆ సంఘాలను అడగండి. హోటళ్లు, టీ కొట్లు మూసి ఉన్న మే ఎండల్లో అతనికి మరో దిక్కు ఉండదు.