చూలు పంది గర్భసంచిలో జీన్స్ పనిచేసే తీరు ఎలా మారుతుందో చూడాలంటే శాంపిల్ ఎలా తీయాలి

ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లు నన్ను ముందు అడిగేది ఏ కిట్ కొనాలి, ప్రైమర్లు (జీన్‌ని పట్టుకునే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) ఎక్కడ దొరుకుతాయి అని. నేను తిరిగి అడిగేది ఒక్కటే, మీ పంది ఎద ఏ రోజు ఏ పూట మొదలైందో రాసుకున్నారా అని. ఇది లేకపోతే మిగతా పని ఎంత బాగా చేసినా వచ్చే నంబర్లకి అర్థం ఉండదు. నా మొదటి బ్యాచ్ అలాగే పోయింది, ఒక ఫారం వాళ్లు చెప్పిన తేదీ నమ్మి 12వ రోజు అనుకుని ఆరు పందుల శాంపిళ్లు తీశాను, తీరా చూస్తే రెండింట్లో పిండాలు ఇంకా గుండ్రంగా పూసల్లా ఉన్నాయి, మిగతావాటిలో దారాల్లా సాగిపోయాయి. అవన్నీ ఒకే గ్రూప్ అని ఎలా రాస్తాం? ఆరు ప్రాణాలు ఊరికే పోయాయని ఇప్పటికీ బాధ ఉంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

పందిలో ఈ రోజుల లెక్క ఎందుకంత ముఖ్యమో ముందు చూద్దాం. మొత్తం చూలు 114 రోజులు, కానీ నిలుస్తుందా పోతుందా అనేది చాలావరకు మొదటి నెలలోనే తేలిపోతుంది. పిండాలు నాలుగు కణాల దశలో గర్భసంచిలోకి వస్తాయి, 12వ రోజుకల్లా గర్భసంచి రెండు కొమ్ముల్లోనూ (రెండు పొడవాటి గొట్టాల్లోనూ) ఎడం ఎడంగా సర్దుకుంటాయి. సరిగ్గా అప్పుడే గుండ్రటి పిండం ముందు కోలగా, తర్వాత గొట్టంలా, ఆ తర్వాత దారంలా మారిపోతుంది, సాగే వేగం గంటకి 30 నుంచి 45 మిల్లీమీటర్లు. అంటే పొద్దున తీసిన శాంపిల్, సాయంత్రం తీసిన శాంపిల్ ఒకటి కావు. సాగేటప్పుడు పిండం ఈస్ట్రోజెన్ వదులుతుంది, ఐఎల్1బి2 అనే ఇంటర్‌ల్యూకిన్ (కణాల మధ్య కబురు మోసే ప్రోటీన్) కూడా వదులుతుంది. గర్భసంచి లోపొర, అదే ఎండోమెట్రియం, వీటిని విని తన జీన్స్ పనిచేసే తీరు మార్చుకుంటుంది, కొన్ని పెరుగుతాయి, కొన్ని తగ్గుతాయి. అలా మార్చుకోకపోతే గర్భసంచి వదిలే ప్రోస్టాగ్లాండిన్ ఎఫ్ టూ ఆల్ఫా అనే పదార్థం రక్తంలోకి వెళ్లి 15, 16 రోజులకి కార్పస్ లూటియంని, అంటే అండం విడుదలయ్యాక అండాశయం మీద ఏర్పడి చూలు నిలిపే ప్రొజెస్టరాన్ హార్మోన్ తయారుచేసే గడ్డని, కరిగించేస్తుంది, పంది 21వ రోజున మళ్లీ ఎదకొస్తుంది. పిండం కబురు అందితే అదే ప్రోస్టాగ్లాండిన్ రక్తం వైపు కాకుండా గర్భసంచి లోపలికే మళ్లుతుంది. ఈ మాట బేజర్, థాచర్ అనే పరిశోధకులు 1977లో చెప్పారు, ఈ రంగంలోకి వచ్చేవాళ్లు ముందు అర్థం చేసుకోవాల్సింది ఇదే.

కాబట్టి ఎద పరీక్ష మీరే చేయండి, ఇంకొకరికి అప్పజెప్పకండి. పన్నెండు గంటలకోసారి, రోజుకి రెండుసార్లు, మగ పందిని ఎదురుగా పెట్టి నడుం మీద నొక్కి చూడాలి, కదలకుండా నిలబడిపోతే ఆ పూటనే 0 రోజుగా రాసుకోండి. ఎద రెండు మూడు రోజులు ఉంటుంది, అండాలు విడుదలయ్యేది అందులో మూడింట రెండు వంతులు గడిచాక, అందుకే ఎద మొదలైన 12 గంటలప్పుడు, మళ్లీ 24 గంటలప్పుడు ఏఐ, అంటే కృత్రిమ గర్భధారణ, చేస్తారు. పడ్డ పందులు, అంటే ఇంకా ఒక్కసారీ ఈననివి, ఈనిన పందులు కలిపి ఒకే గ్రూప్‌లో పెట్టకండి. పని మొదలుపెట్టే ముందే మీ కాలేజీ యానిమల్ ఎథిక్స్ కమిటీ అనుమతి చేతిలో ఉండాలి, తర్వాత తెచ్చుకుందాంలే అంటే కుదరదు.

ఇప్పుడు కంట్రోల్ సంగతి, ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. చూలు లేని పంది అంటే ఏదో ఒక ఖాళీ పంది కాదు, అదే రోజులో ఉన్న పంది. 12వ రోజున చూలు పందిలోనూ ఖాళీ పందిలోనూ కార్పస్ లూటియం బాగానే ఉంటుంది, ప్రొజెస్టరాన్ రెండింట్లోనూ ఎక్కువే, కాబట్టి ఆ రోజు కనిపించే తేడాకి కారణం పిండమే అని ధైర్యంగా అనొచ్చు. 15, 16 రోజులకి వచ్చేసరికి ఖాళీ పందిలో ప్రొజెస్టరాన్ పడిపోతూ ఉంటుంది, అప్పుడు ఒక జీన్ చూలు పందిలో ఎక్కువ కనిపిస్తే అది పిండం పెంచిందా, లేక అవతల హార్మోన్ పడిపోయి తగ్గిందా అనేది మీరు చెప్పలేరు. అందుకే ప్రతి పందికీ శాంపిల్ రోజున రక్తం తీసి ప్రొజెస్టరాన్ కొలిపించండి. ఈస్ట్రోజెన్ ఒక్కదాని పని విడిగా చూడాలంటే ఖాళీ పందికి 11 నుంచి 15వ రోజు దాకా రోజూ 5 మిల్లీగ్రాముల ఎస్ట్రాడయోల్ వాలరేట్ ఇస్తారు, పిండం లేకుండానే కార్పస్ లూటియం నిలిచిపోయి దొంగ చూలు వస్తుంది, అది మంచి మోడల్.

మేత కూడా చూడండి. ఈస్ట్రోజెన్ కబురు 11, 12 రోజుల్లో వస్తేనే మేలు, 9, 10 రోజుల్లో బయటి నుంచి ఇస్తే ఎండోమెట్రియం తొందరపడి ముందే మారిపోతుంది, తర్వాత పిండాలు చచ్చిపోతాయి. బూజు పట్టిన మొక్కజొన్నలో ఉండే జియరాలినోన్ అనే విషం ఈస్ట్రోజెన్ లాగే పనిచేస్తుంది, కాబట్టి మన దగ్గర మక్కలు తడి తగిలి బూజు పట్టినవి పందులకి పోసేస్తుంటారు కదా, ప్రయోగం పందులకి అది అస్సలు వద్దు, మామూలు ఫారంలో చూలు పందులకీ వద్దు.

గర్భసంచి బయటికి తీశాక ఐస్ మీద పెట్టి ఆలస్యం చేయకుండా పని కానివ్వండి, జీన్ ఎంత పనిచేస్తోందో మనం కొలిచేది దాని ఆర్‌ఎన్‌ఏ బట్టే, అది చెడిపోకుండా మన కోసం ఆగదు. ముందు అండాశయాల మీద కార్పస్ లూటియంలు లెక్కపెట్టి రాయండి, ఎన్ని అండాలు విడుదలయ్యాయో తెలుస్తుంది. తర్వాత ఒక్కో కొమ్ములోకి 20 ఎంఎల్ పీబీఎస్ (కణాలకి హాని చేయని ఉప్పు ద్రావణం) పోసి మెల్లగా పిండుతూ గాజు పళ్లెంలోకి పట్టండి. పిండాలు కనిపిస్తేనే చూలు అని రాయాలి, ఏఐ చేశాం కాబట్టి చూలే అనుకోకూడదు. గుండ్రంగా ఉన్నాయా, దారాలా, రెండూ కలిసి ఉన్నాయా, ఫోటో తీసి కొలత రాయండి. దారాలు ఒకదానికొకటి చిక్కుపడి తెల్లటి నూలు ఉండలా వస్తాయి, కంగారుగా లాగితే తెగిపోతాయి. పిండాలు అతుక్కోవడం మొదలయ్యాక రోజులు గడిచేకొద్దీ ఇలా కడిగి తీయడం కుదరదు, అప్పుడు కొమ్ము కోసి అతుక్కున్న చోట్లు, వాటి మధ్య చోట్లు వేరువేరుగా తీయాలి.

కడిగిన కొమ్ముని రక్తనాళాలు వచ్చే అంచుకి ఎదురు వైపు నుంచి కోసి తెరవండి. వంపు కత్తెరతో పై పొర మాత్రమే తీయండి, కింద ఉన్న కండర పొర తగలకూడదు. నేను మొదట్లో తొందరలో కండరం కూడా కలిపి తీశాను, అలా చేస్తే మీరు కొలిచేది ఎండోమెట్రియం జీన్స్ కాదు, ఎంత కండరం కలిసిందో అది. ప్రతి పందిలో ఒకే చోట, కొమ్ము మధ్య భాగంలో తీయండి. ముక్కలు అర సెంటీమీటరు లోపే ఉండాలి, ఆర్‌ఎన్‌ఏ లేటర్ (ఆర్‌ఎన్‌ఏ చెడిపోకుండా ఉంచే ద్రావణం) అయితే ముక్కకి పదింతలు పోసి ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచి తర్వాత మైనస్ 80లో పెట్టాలి, లేదా నేరుగా లిక్విడ్ నైట్రోజన్‌లో వేయాలి. ఇంకో ముక్క కండరంతో సహా 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌లో వేయడం మర్చిపోకండి, దీని విలువ తర్వాత తెలుస్తుంది.

ఎందుకంటే ఎండోమెట్రియం ఒకే రకం కణాల ముద్ద కాదు. పైన ఎపిథీలియం అనే కణాల పొర, కింద స్ట్రోమా అనే ఆధార కణజాలం, అందులో గ్రంథులు, ఒక్కోదాని జీన్స్ ఒక్కో దారి. ప్రొజెస్టరాన్‌ని అందుకునే రిసెప్టర్ 10వ రోజు దగ్గర ఎపిథీలియంలో తగ్గిపోతుంది, స్ట్రోమాలో మాత్రం ఉంటుంది, అన్నీ కలిపి నూరేస్తే ఈ కథంతా కనపడకుండా పోతుంది. ఎస్‌పీపీ1, అంటే ఆస్టియోపాంటిన్ అనే ప్రోటీన్ జీన్, 13వ రోజుకి పిండం ఆనుకున్న చోట ఎపిథీలియంలోనే ముందు వస్తుంది, పిండం ఇచ్చిన ఈస్ట్రోజెన్ వల్ల. పిండం వదిలే ఇంటర్‌ఫెరాన్లు అనే ప్రోటీన్లకి స్పందించే జీన్స్ మాత్రం స్ట్రోమాలో పెరుగుతాయి, పై ఎపిథీలియంలో ఐఆర్ఎఫ్2 అనే ప్రోటీన్ వాటిని అణిచి ఉంచుతుంది. గ్రంథుల్లో యూటెరోఫెర్రిన్ తయారవుతుంది, పిండానికి ఇనుము మోసుకెళ్లేది అదే, అది ప్రొజెస్టరాన్ అదుపులో ఉంటుంది. పీసీఆర్‌లో, అంటే జీన్ ఆర్‌ఎన్‌ఏ ఎంత ఉందో కొలిచే పరీక్షలో, ఎక్కువ తక్కువలు తెలుస్తాయి, ఎక్కడ అనేది పారాఫార్మాల్డిహైడ్‌లో వేసిన ఆ ముక్క మీద ఇన్ సిటు హైబ్రిడైజేషన్ (ఆర్‌ఎన్‌ఏ ఏ కణాల్లో ఉందో చూపే పద్ధతి) చేస్తేనే తెలుస్తుంది.

ఆర్‌ఎన్‌ఏ తీయడం, దాన్నుంచి సీడీఎన్‌ఏ (ఆర్‌ఎన్‌ఏకి డీఎన్‌ఏ నకలు) చేయడం కిట్‌లో రాసి ఉన్నట్టే, దాని గురించి ఎక్కువ చెప్పను. మిగిలిన డీఎన్‌ఏని కోసేసే డీఎన్‌ఏస్ వేయండి, రిన్ విలువ (ఆర్‌ఎన్‌ఏ ఎంత చెక్కుచెదరకుండా ఉందో చెప్పే అంకె) 7 కంటే తక్కువ ఉన్నది పక్కన పెట్టండి, సీడీఎన్‌ఏ చేసే ఆర్‌టీ ఎంజైమ్ లేని కంట్రోల్ పెట్టండి, ప్రైమర్ ఎఫిషియెన్సీ 90 నుంచి 110 శాతం మధ్య ఉండాలి. రిఫరెన్స్ జీన్, అంటే మిగతావాటిని పోల్చుకునే స్థిరమైన జీన్, విషయంలో మాత్రం ఆగండి, అందరూ వాడుతున్నారని బీటా ఆక్టిన్ ఒక్కటే వాడకండి, మీ రోజుల్లో మీ కణజాలంలో స్థిరంగా ఉన్నాయో లేదో చూసుకుని కనీసం రెండు మూడు వాడండి. శాంపిల్ సరిగ్గా వచ్చిందా అని చూసుకోవడానికి నేను మొదటి ప్లేట్‌లో ఎల్‌పీఏఆర్3, ఎఫ్‌జీఎఫ్7 అనే రెండు జీన్స్ పెడతాను, 12వ రోజు చూలు పందిలో ఇవి ఖాళీ పంది కంటే పెరిగి ఉండాలి, పెరగలేదంటే తేదీ మీద అనుమానపడండి.

జీన్ పెరిగిందని తెలిస్తే సరిపోదు, ఎవరు పెంచారో చూపించాలి. ఖాళీ పంది 12వ రోజు ఎండోమెట్రియం చిన్న ముక్కల్ని మీడియంలో పెట్టి ఒకదానికి ప్రొజెస్టరాన్, ఇంకోదానికి దానితోపాటు ఈస్ట్రోజెన్, ఇంకోదానికి ఐఎల్1బి కూడా కలిపి ఇచ్చి చూడొచ్చు, ఇది మన ల్యాబుల్లో కూడా అయ్యే పనే. దీనికి మించి అంటే జీన్ తీసేసిన పిండాలు. అమెరికాలో మిస్సోరి యూనివర్సిటీ వాళ్లు ఐఎల్1బి2 తీసేస్తే పిండాలు దారంలా సాగలేకపోయాయి, అదే ఈస్ట్రోజెన్ తయారుచేసే అరోమాటేస్ జీన్ తీసేసినప్పుడు సాగాయి, కార్పస్ లూటియం కూడా మొదట్లో నిలిచింది, కానీ చూలు మాత్రం నెల తిరిగేసరికి పోయింది. ఈస్ట్రోజెన్ ఒక్కటే మొత్తం కబురు అని మేమందరం చదువుకున్నది దాంతో మళ్లీ ఆలోచించుకోవాల్సి వచ్చింది.

లెక్కలు వేసేటప్పుడు, ఒకే పంది నుంచి మూడు ముక్కలు తీస్తే ఎన్ (శాంపిళ్ల లెక్క) 3 కాదు, ఎన్ 1. పంది ఒక్కటే యూనిట్. రోజు, చూలు ఉందా లేదా, ఈ రెండూ కలిసి చేసే ప్రభావం, మూడూ మోడల్‌లో పెట్టండి, పిండాల ఆకారం రాసుకున్న కాగితం పక్కనే పెట్టుకుని చూడండి, గ్రాఫ్‌లో ఒక చుక్క మిగతావాటికి దూరంగా ఉంటే దాన్ని తీసేసే ముందు ఆ పంది ఫోటోలో పిండాలు గుండ్రంగా ఉన్నాయా దారాల్లా ఉన్నాయా అని ఒకసారి తిరిగి చూసుకోండి.